డిస్కు భాగపంపకము

మన విద్యార్థులలో కొందఱు తమ యిండ్లలోని కంప్యూటర్లయందు లైనక్సును తామే స్థాపించుకొనుచున్నారు. ఒరులు సిద్ధపఱచి యిచ్చినదానిని వాడుకొనుటతో తృప్తి నొందక, దాని లోపలి యమరికను తెలిసికొనుటకు పూనుకొనుట మెచ్చదగిన విషయమే. అయితే యీ పనిలో నొక ఘట్టమున వారు చూపుచున్న తొందర మాకు భయము గొలుపుచున్నది. ఇన్‌స్టాలరు వరుసగా ప్రశ్నలు వేయును. ఏ భాష కావలెను, ఏ దేశము, కీబోర్డు ఎట్టిది, గడియారము ఏ ప్రాంతమునకు సరిపోవలెను అని యడుగును. బాలుడు చకచక జవాబులిచ్చుచు పోయి, డిస్కును ఎట్లు పంచవలెనను ప్రశ్న వచ్చినప్పుడును అదే యూపులో బొత్తాము నొక్కివేయును. తక్కిన జవాబులలో ఏది తప్పినను మఱునాడు దిద్దుకొనవచ్చును. గడియారము తప్పినచో దిద్దుటకు నిమిషము చాలును. ఈ యొక్క జవాబు మాత్రము ఆ వ్యవస్థ యున్నంతకాలము మనతో నుండును. ఒక్కొక్కప్పుడు అంతకు ముందు ఆ డిస్కుపై నున్న వ్రాతల నన్నిటిని తుడిచిపెట్టియు పోవును. కావున నీ ప్రశ్నయొద్ద ఆగి, కలము కాగితము తీసికొని కూర్చుండవలెననియు, మఱేమి చేసినను చేయకపోయినను మనుష్యుల వ్రాతలుండు చోటును వ్యవస్థ యుండు చోటినుండి వేఱుచేయవలెననియు మా దృఢాభిప్రాయము.

డిస్కును ఒక పొలముగా భావింపుడు. పొలమునకు గట్లు వేసి మళ్ళు చేసినట్లే డిస్కును భాగములుగా చేయుదురు. వీనినే పార్టిషనులందురు. ఏ భాగ మెక్కడ మొదలై యెక్కడ ముగియునో తెలుపు పట్టిక యొకటి డిస్కు మొదటనే వ్రాయబడి యుండును. 1983లో ఐ.బి.ఎమ్. వారి చిన్న కంప్యూటర్లకై వెలువడిన డాస్ 2.0 తో వచ్చిన పాతపట్టికలో ముఖ్యభాగములు నాలుగింటికి మాత్రమే చోటుండెను. సాధారణముగా రెండు టెరాబైట్లకు మించిన డిస్కును అది పూర్తిగా కొలువజాలకుండెను. నేటి యంత్రములలోని జి.పి.టి. పట్టికయందు మామూలుగా 128 భాగములకు చోటు గలదు. కాబట్టి పట్టికలో చోటు చాలక విడదీయలేదను మాట యిప్పుడు చెల్లదు.

యునిక్సు జాతి వ్యవస్థలలో విండోసునందువలె ఒక్కొక్క భాగమునకు సి, డి అని వేఱువేఱు అక్షరములుండవు. అన్నియు నొకే చెట్టుకొమ్మలు. ఆ చెట్టు మొదలునకు ‘రూట్’ అని పేరు. దాని గుఱుతు వాలుగీత. వేఱొక భాగమును తెచ్చి ‘/హోమ్’ అను కొమ్మవద్ద తగిలించినచో, వాడువానికి అతుకు కనబడదు. ఇట్లు తగిలించుటనే మౌంటు చేయుట యందురు.

ఈ యాలోచన నిన్న మొన్నటిది కాదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యునిక్సును ప్రారంభించిరి. 1974లో వారిద్దఱు ప్రకటించిన ప్రసిద్ధవ్యాసములో తమ పి.డి.పి.-11 యంత్రమునకు గల డిస్కులను వర్ణించియున్నారు. కదలని తలలు గల డిస్కు పరిమాణము ఒక్క మెగాబైటు. తీసి మార్చుకొనదగినవి నాలుగు. ఒక్కొక్కటి రెండున్నర మెగాబైట్లు. అన్నిటికంటె పెద్దది 40 మెగాబైట్లు. ఈనాడు చేతి ఫోనుతో తీసిన ఛాయాచిత్ర మొక్కటి తఱచుగా ఆ మొదటి డిస్కులో పట్టదు. అట్టి యిఱుకులో వారేమి చేసిరి? వ్యవస్థకు మొదలైన రూట్‌ను ఆ చిన్న డిస్కుపై నుంచి, వాడుకదారుల వ్రాతలను పెద్ద డిస్కుపై నుంచి, యంత్రము మేలుకొనునప్పుడు దీనిని దానికి తగిలించుచుండిరి. వారివి వేఱువేఱు డిస్కులు. మనవి యొకే డిస్కులోని వేఱువేఱు భాగములు. భేద మంతమాత్రమే. మహామేధావులైన వారికి చోటు కొల్లగా నున్నప్పుడు గాక, మిక్కిలి కొఱతగా నున్నప్పుడే యీ విభజన అవసరమని తోచినదను విషయము గమనింపదగినది.

ఇచ్చట నొక చిన్న ముచ్చట చెప్పవలసియున్నది. ఆ కాలమున వాడుకదారుల వ్రాతలుండిన కొమ్మకు ‘యు.ఎస్.ఆర్.’ అని పేరు. కాలక్రమమున ప్రోగ్రాములు పెరిగి ఆ యింటిలోనికి చేరగా, వాడుకదారులు ‘హోమ్’ అను వేఱింటికి కాపురము మార్చవలసివచ్చెను. సామానులు చేరి యజమానులు కదలిన యిల్లిది! నేడు వాడుకదారుల పేరనే వెలసిన ఆ కొమ్మలో సాధారణముగా వారి వ్రాత యొకటియు నుండదు. ‘యు.ఎస్.ఆర్.’ను ప్రత్యేకభాగముగా చేయుమని పాతపుస్తకములలో కనబడినచో దానిని పాటింపనక్కఱలేదు. 2023లో వెలువడిన డెబియను 12 మొదలుకొని రూట్‌లోని ముఖ్యమైన ప్రోగ్రాముల డైరెక్టరీలన్నియు దానిలోనే చేరిపోయినవి.

ఇక మా వాదమునకు వత్తము. కంప్యూటరులో నున్న పదార్థము రెండువిధములు. పోయినచో మఱల దొరకునది యొకటి. పోయినచో మఱి దొరకనిది యొకటి. వ్యవస్థ, దాని ప్రోగ్రాములు, ముద్రాక్షరములు మొదలగునవి మొదటి తెగవి. లోకమున నెన్నియో చోట్ల వాని నకళ్ళున్నవి. ఒక పూటలో దింపుకొనవచ్చును. ఆఱవ తరగతి బాలిక తన చేతితో తెలుగులో టైపుచేసికొన్న వ్యాసమునకు నకలెక్కడనున్నది? తండ్రిగారి కౌలు లెక్కలు, అక్కగారి వివాహపు ఛాయాచిత్రములు ఏ దేశపు సర్వరునందు దొరకును? వంటపాత్ర పగిలినచో సంతలో కొనవచ్చును. విత్తనపు గింజ పాడైనచో వచ్చు కారు లేదు. రెంటిని ఒకే గదిలో పోయు గృహస్థుడు లేడు. కంప్యూటరులో మాత్రము పోయుచున్నాము.

వ్యవస్థ చెడుట యన్నది అరుదుగా జరుగు విపత్తు కాదు. నేర్చుకొను విద్యార్థి చేతిలో అది తఱచుగా జరుగును, జరుగవలెను గూడ. చెఱిపి మఱల కట్టనివానికి నేర్పు రాదు. ‘హోమ్’ వేఱుగా నున్నచో, మఱల స్థాపించునప్పుడు రూట్ భాగమును మాత్రము ఫార్మాటు చేసి, ‘హోమ్’ భాగమును ఫార్మాటు చేయక ఉన్న వ్రాతలను ఉంచుమని చెప్పినచో చాలును. డెబియను ఇన్‌స్టాలరులో చేతితో భాగించు పద్ధతియందు ఈ యేర్పాటు స్పష్టముగా నున్నది. అన్నియు నొకే ముద్దగా నున్నచో ఈ సౌలభ్య ముండదు. తిరుగుడు డిస్కుల కాలమున పొరపాటున ఫార్మాటు చేసినను, నేర్పరులు కొన్నిటినైనను వెలికితీయగలిగెడివారు. నేటి ఎస్.ఎస్.డి.లలో ఆ యాశయు సన్నగిల్లినది. ఈ.ఎక్స్.టి.4 పద్ధతిలో ఫార్మాటు చేయునప్పుడు, ఆ చోటంతయు ఖాళీయైనదని డిస్కునకే కబురు పంపబడును. పిమ్మట డిస్కు తన పని తాను చేసికొనిపోవును.

పాఠశాలలోని కంప్యూటరు గదికి ఈ మాట మఱింత గట్టిగా వర్తించును. ఇంటిలోని యంత్రమును నలుగురు వాడినచో గదిలోని యంత్రమును మూడు తరగతులవారు వాడుదురు. వేసవి సెలవులలో యంత్రములన్నిటిని ‘శుభ్రము’ చేయు నాచారము పలుచోట్ల గలదు. శుభ్రము చేయుట యనగా బూజు దులుపుట గాదు. డిస్కు నంతయు తుడిచి క్రొత్తగా వ్యవస్థను వేయుట. జూనులో వచ్చిన విద్యార్థికి నిరుటి వ్రాత యొకటియు నుండదు. పలక తుడిచినట్లు తుడుచుట పలకకు తగునేమో గాని పుస్తకమునకు తగదు. వ్యవస్థకు ముప్పది లేక నలువది గిగాబైట్ల భాగమును, వ్రాతలకు మిగిలిన భాగమును మొదటనే యేర్పఱచియుండినచో, సంవత్సరమున కొకమాఱు మొదటి దానిని ఎంత తుడిచినను రెండవదానికి చీమ కుట్టినంత బాధ యుండదు.

ఇందు నొక మెలకువ గలదు. దీనిని చెప్పువారు తక్కువ. లైనక్సు ఒక వ్రాత యెవరిదో పేరునుబట్టి గాక సంఖ్యనుబట్టి గుర్తుంచుకొనును. డెబియనులో మొదటి వాడుకదారునకు సాధారణముగా 1000, తరువాతివారికి 1001, 1002 అని సంఖ్యలు వచ్చును. క్రొత్తగా స్థాపించిన పిమ్మట వాడుకదారులను వేఱు వరుసలో చేర్చినచో, ఒకరి పెట్టె తాళము మఱియొకరి చేతికి చిక్కును. ‘హోమ్’ను కాపాడితిమని సంతోషించుచుండగనే సీత వ్రాతలు జాను పాలగును, జాను వ్రాతలు రహీము పాలగును. కావున పేర్లను, సంఖ్యలను ఒక కాగితముపై వ్రాసి యుంచికొని, ఆ సంఖ్యలనే మఱల నీయవలెను.

వేఱుచేయుటవలన మఱియొక లాభము. ఒక విద్యార్థి చలనచిత్రములను దింపుకొని డిస్కు నింపివేసెననుకొందము. అంతయు నొకే భాగమైనచో వ్యవస్థకే ఊపిరాడదు. లాగిన్ తెఱపై పేరు, సంకేతపదము సరిగా నిచ్చినను లోనికి పోలేక బయటికే వచ్చుట తటస్థింపవచ్చును. ఈ.ఎక్స్.టి.4 ఇట్టి సమయమునకై మామూలుగా నూటికి ఐదువంతుల చోటును నిర్వాహకునికై అట్టిపెట్టును గాని, తక్కిన వాడుకదారులకు దానివలన వెసులుబాటు లేదు. ‘హోమ్’ వేఱైనచో నిండునది అదియే. యంత్రము నడుచుచునే యుండును, ఉపాధ్యాయుడు ప్రవేశించి సరిదిద్దగలడు. అందే యొక్కొక్కరికి ఇంత మేర యని కోటా విధించినచో ఒకరివలన నందఱు నష్టపడుట తప్పును.

మాతో నేకీభవింపనివారు లేకపోలేదు. వారి మాటయు వినదగినదే. డెబియను స్థాపన గ్రంథమే, క్రొత్తవారికిని, ఒక్కరే వాడు ఇంటి యంత్రములకును ఒక్క రూట్ భాగమును స్వాపును చాలునని, అదియే సులభమని చెప్పుచున్నది. చిట్టాలు పెరిగి డిస్కు నిండునను భయము పూర్వమువలె లేదనియు వారందురు. అది నిజమే. నేటి వ్యవస్థలలో సిస్టమ్‌డి చిట్టాలు తమంతట తామే ఆ భాగములో పదవవంతునకో, నాలుగు గిగాబైట్లకో మించకుండ ఆగును. డిస్కులు పెద్దవైనవి, గట్లెందుకని వారి ప్రశ్న. క్రమము తప్పక నకళ్ళు తీసికొనుచు, ఒంటరిగా నొక యంత్రమును వాడు పెద్దవానికి ఈ మాట చెల్లునని మేమును ఒప్పుకొందుము. అయితే మన యిండ్లలో నట్టి యంత్ర మేది? పగలు తల్లి, సాయంకాలము పిల్లలు, రాత్రి తండ్రి వాడు యంత్రమే మనకు తెలిసినది. వారమువారము నకలు తీయువారు ఊరికెందఱో చదువరులే లెక్కింపవచ్చును. ‘ఒక్కరే వాడు యంత్రము’ అను షరతును విడిచి, ‘ఒక్క భాగము చాలు’నను మాటను మాత్రము పట్టుకొనుట న్యాయము కాదు.

ఎదుటి కొసకు పోవువారును గలరు. ఓపెన్ బి.ఎస్.డి. అను వ్యవస్థ చాలినంత డిస్కు దొరకినచో తానై రూట్, స్వాపు, టెంప్, వార్, హోమ్, ‘యు.ఎస్.ఆర్.’, దానిలోని లోకల్ మొదలుగా సుమారు పది భాగములు చేయును. దానికి భద్రతయే కారణము. ఏ భాగములో నుండి యెట్టి ప్రోగ్రాములు నడువగూడదో భాగమువారీగా శాసించుటకు అది వీలిచ్చును. అది యాలోచించి చేసిన యేర్పాటు. అనుభవజ్ఞుల సర్వర్లకు తగును. మన విద్యార్థి దానిని చూచి తన లైనక్సులోను పది ముక్కలు చేసినచో, ‘వార్’ నిండి యేడ్చుచుండగా ‘టెంప్’ ఖాళీగా పడియుండును. గట్లు పెరిగినకొలది నాటుటకు నేల తగ్గును. పిదప జరుపుదమన్నచో, ఈ.ఎక్స్.టి.4 భాగమును వాడుకలో నుండగనే పెంచవచ్చును గాని, తగ్గించుటకు దానిని విప్పి పక్కన పెట్టవలెను. పెంచుటకైనను దాని ప్రక్కనే ఖాళీ యుండవలెను. ఎక్స్.ఎఫ్.ఎస్. భాగమును కుదించుట అసాధ్యమనియే తలచుట మేలు. ఈ చిక్కునకు మందుగా ఎల్.వి.ఎమ్. అను పద్ధతి గలదు. గట్ల స్థానమున కదలించుకొనదగిన దడులు కట్టుకొనుటవంటి దది. దానిని వాడువారు డిస్కులో కొంత భాగమును దేనికిని కేటాయింపక విడిచిపెట్టవలెను. మొదటిరోజుననే అంతయు పంచివేసినవాడు ఆ పద్ధతివలన సగము లాభమును పోగొట్టుకొన్నట్లే.

స్వాపును గూర్చి యెక్కువ చెప్పనక్కఱలేదు. జ్ఞాపకశక్తికి రెండింతలు స్వాపు ఉండవలెనను పాతసూత్రము మెగాబైట్ల నాటిది. యంత్రమును హైబర్నేటు చేయదలచినవారు జ్ఞాపకశక్తికి సమానముగా నుంచుకొందురు గాక. తక్కినవారికి కొద్ది గిగాబైట్లు చాలును. దీనికి ప్రత్యేకభాగమే యుండవలెనని లేదు. ఉబుంటు 2017లో వెలువడిన 17.04 మొదలుకొని సాధారణముగా దీనిని ఒక ఫైలుగానే యుంచుచున్నది.

తలిదండ్రులకు ప్రత్యేకముగ నొక మాట. మీరు కొన్న ల్యాప్‌టాపులో విండోసు ముందే యుండును. దాని ప్రక్కన లైనక్సును వేసికొందునని కుమారుడో కుమార్తెయో అడిగినచో వలదనకుడు. కాగితముపై పటము గీసి చూపుమనుడు. ‘డిస్కు నంతయు తుడుచుము’ అను మాట ఇన్‌స్టాలరు తెఱపై సాధువుగనే కనబడును. దాని యర్థ మేమనగా, విండోసును, దానిలోని మీ వ్రాతలును పోవుననియే. పట్టికను మార్చుటకు ముందు డెబియను మఱియొకమాఱు అనుమతి నడుగును; ‘వలదు’ అనునదే ముందుగ ఎన్నుకొనబడి యుండును. ఆ ప్రశ్నయొద్ద ఇంటిలోని పెద్దవారొకరు ప్రక్కన నుండుట మేలు. బిట్‌లాకరు తాళము వేసియున్న యంత్రమైనచో, 48 అంకెల పునరుద్ధరణ సంకేతమును ముందుగనే వ్రాసి యుంచుకొనవలెను. ప్రారంభపు టేర్పాట్లు మారినప్పుడు విండోసు దానిని అడుగవచ్చును. విండోసు భాగమును కుదించుట విండోసులోని పనిముట్టుతోనే చేయుట క్షేమము. ‘ఫాస్టు స్టార్టప్’ అను నేర్పాటును మాన్పవలెను. ఏలయనగా దానివలన విండోసు పూర్తిగా మూతపడక సగము నిద్రలో నుండును. నిద్రించువాని పెట్టెలో చేయి పెట్టినచో వస్తువులు చెడును. ఇ.ఎఫ్.ఐ. అను చిన్న భాగమును రెండు వ్యవస్థలును పంచుకొనగలవు. దానిని ఫార్మాటు చేయరాదు.

కొలతలడుగువారికై యొక లెక్క. 256 గిగాబైట్ల డిస్కు పూర్తిగా లైనక్సుకే యైనచో, ఇ.ఎఫ్.ఐ.కి అర గిగాబైటు, రూట్‌కు 40, స్వాపునకు 8, ‘హోమ్’కు 150 ఇచ్చి, తక్కినది కొన్నినెలలు ఖాళీగా విడువుడు. ఏది నిండునో చూచి పిమ్మట దానికి చేర్పుడు. భాగములను వరుసలో పెట్టునప్పుడు పెరుగగల భాగము ఖాళీచోటుకు ప్రక్కన నుండునట్లు చూచుకొనుడు. డిస్కులను అమ్మువాడు గిగాబైటును వేయి చొప్పున లెక్కించును. తెఱపై కొన్ని ప్రోగ్రాములు 1024 చొప్పున లెక్కించును. అందుచే 256 అన్నది 238 గా కనబడినచో కొట్టువాడు మోసము చేసెనని తలపవలదు.

వేఱుచేయుటతోనే వ్రాతలు క్షేమమని మాత్రము భ్రమింపరాదు. డిస్కే చెడినచో గట్టునకు ఇరుప్రక్కల నున్న మళ్ళు రెండును మునుగును. దొంగ ల్యాప్‌టాపును ఎత్తుకొనిపోయినప్పుడు ‘హోమ్’ భాగమును మనకై విడిచిపోడు. నకలు వేఱొక డిస్కుపై, వేఱొక గదిలో నుండవలెను. ఈ పనికిని విభజన తోడ్పడును. ఏ కొమ్మకు నకలు తీయవలెనో వెదకికొన నక్కఱలేదు.

ఈ వేసవిలో మన కంప్యూటరు గదిలోని యంత్రములకు క్రొత్త వ్యవస్థను వేయుదురని తెలియుచున్నది. అంతకు ముందు మూడు పనులు జరుగవలెనని మేము కోరుచున్నాము. ఒక్కొక్క యంత్రపు డిస్కుపటమును కాగితముపై గీసి ఆ యంత్రము ప్రక్కనే అంటింపవలెను. వాడుకదారుల పేర్లు, సంఖ్యలు గల పట్టికను గది బీరువాలో భద్రపఱుపవలెను. ‘హోమ్’ వేఱుగా లేని యంత్రములనుండి విద్యార్థుల వ్రాతలను బయటి డిస్కునకు ఎక్కించి, తెఱచి చూచి, సరిగా నున్నవని తెలిసిన పిమ్మటనే ఆ యంత్రములను ముట్టవలెను. పట్టికను సిద్ధపఱచుటకు తొమ్మిదవ తరగతి విద్యార్థులు చాలుదురు. సెలవులకు పది దినముల ముందు మొదలిడినచో చదువునకు భంగము లేకుండ పూర్తియగును.